గాలి వర్తకం: పసుపు పలక నుంచి పాలమూరు దాకా

పిల్లలూ! హైదరాబాదు నుంచి విజయవాడ పోయే పెద్ద రోడ్డు మీద మీలో చాలామంది ప్రయాణం చేసే ఉంటారు. ఆ రోడ్డు నల్లగొండ సీమలో ప్రవేశించగానే రెండు వైపులా రాతిగుట్టలు, తాటిచెట్లు, పత్తిచేలు కనబడతై. వానాకాలంలో గట్ల నిండా తంగేడు పూస్తుంది. ఈ సీమలో పుట్టి, ఈ సీమలోనే 30 ఏళ్ళకు పైగా బడిపంతులుగా తిరిగిన నాకు ఇక్కడి గుట్టలన్నీ చుట్టాలే. అయినా నిరుటిదాకా నేను సరిగా చూడని వస్తువు ఒకటి ఇక్కడ ఉన్నది. దాన్ని నాకు చూపించింది మా మనమరాలు. ఆ పిల్లకు పదేళ్ళు, అయిదో తరగతి.

2025 వినాయక చవితి సెలవులకు మేమిద్దరమూ మిర్యాలగూడ దగ్గర ఉన్న మా తమ్ముడి ఊరికి బయలుదేరాము. దారిలో ఒకచోట చెరుకురసం తాగడానికి దిగాము. పక్క చేలో, పత్తి మొక్కల మధ్య, పసుపు రంగు వేసిన చిన్న పలక ఒకటి నిలబడి ఉన్నది. కొంతదూరాన ఇంకొకటి. వాటికి అటూ ఇటూ ఇల్లు లేదు, గుడి లేదు.

"తాతా, ఇది ఎవరి సమాధి?" అన్నది పిల్ల.

దగ్గరికి వెళ్ళి చదివాము. లోపల గ్యాసు గొట్టం ఉన్నదనీ, అక్కడ తవ్వకూడదనీ రాసి ఉన్నది.

కాకినాడ దగ్గర సముద్రపుటొడ్డున గాడిమొగ అనే ఊరున్నది. సముద్రం అడుగున తవ్విన బావులలోని సహజవాయువు అక్కడ ఒడ్డుకు చేరుతుంది. అక్కడి నుంచి ఒక ఉక్కుగొట్టం బయలుదేరి గోదావరి, కృష్ణ జిల్లాలను దాటి, మన నల్లగొండ సీమలో దూరి, హైదరాబాదు పక్కగా కర్ణాటకకు, మహారాష్ట్రకు పోయి, చివరకు గుజరాతులోని భరూచి చేరుతుంది. పొడుగు సుమారు 1,400 కిలోమీటర్లు. గొట్టం వెడల్పు 48 అంగుళాలు, అంటే నాలుగడుగులు. మా మనమరాలు తల కాస్త వంచితే లోపల నడిచిపోవచ్చు! 2009 నుంచి ఈ గొట్టంలో వాయువు పారుతున్నది. పైన రైతు పత్తి ఏరుకుంటూ ఉంటాడు; కాళ్ళ కింద మీటరు లోతుకు పైగా మట్టి, దాని కింద వాయువు. చప్పుడు లేదు, వాసన లేదు.

పలక మీద తవ్వవద్దని ఊరికే రాయలేదు. 2014 జూన్ 27న తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో ఇలాంటి గొట్టమే, అంటే మరొక చిన్నది, తెల్లవారుజామున కారి అంటుకున్నది. ఇళ్ళూ కొబ్బరిచెట్లూ కాలినై, ఇరవైమంది పైగా చనిపోయారు. కనక అలాంటి పలక ఎక్కడ కనబడినా దాని మీద రాళ్ళు విసరకండి, పీకకండి.

"మన ఊళ్ళో బావి తవ్వితే గ్యాసు రాదా? కాకినాడ దాకా ఎందుకు పోవాలి?" అని పిల్ల అడిగింది. మంచి ప్రశ్న. దానికి జవాబు ఎదుటి గుట్టలోనే ఉన్నది.

నల్లగొండ, పాలమూరు సీమల్లో మీరు చూసే రాయి చాలావరకు నల్లరాయి, అంటే గ్రానైటు. అది భూగర్భంలో కరిగి ఉన్న పదార్థం చల్లారి గట్టిపడగా ఏర్పడ్డది. దాని వయసు 250 కోట్ల సంవత్సరాలకు అటూ ఇటూ. సహజవాయువు పుట్టడానికి కావలసింది వేరే సంగతి. కోట్ల సంవత్సరాల కిందట సముద్రాల్లో, ఏటి ముఖాల్లో బతికిన సూక్ష్మజీవులూ మొక్కలూ చచ్చి అడుగున చేరాలి. వాటి మీద ఒండ్రు పొరలు పొరలుగా పేరుకోవాలి. ఆ బరువుకూ, భూమిలోని వేడికీ అవి మగ్గాలి. అప్పుడు చమురూ, వాయువూ పుడతై. గోదావరీ కృష్ణా నదులు లక్షల తరాలుగా ఒండ్రు మోసుకుపోయి బంగాళాఖాతంలో పోశాయి. అంచేత వాయువు అక్కడ ఉన్నది. మన నల్లరాయిలో ఒండ్రు పొరలు లేవు, మగ్గడానికి జీవులూ లేవు. మనకు దక్కింది గొట్టం మాత్రమే.

అయితే బోర్ల సంగతి తెలిసినవాళ్ళకు నేనొక ముక్క చెబుతాను. మన పాలమూరులో రైతు బోరు వేస్తాడు. మొదటి ఏడు రెండంగుళాల నీళ్ళు పోస్తుంది. ఊరంతా వచ్చి చూస్తారు. ఆ నీళ్ళ మీద నమ్మకంతో అప్పు చేసి బత్తాయి తోట పెడతాడు. నాలుగేళ్ళకు బోరు వట్టిపోతుంది. కాకినాడ సముద్రంలోనూ దాదాపు అలాగే జరిగింది. అక్కడి పెద్ద నిక్షేపాన్ని 2002లో కనిపెట్టారు. 2009 ఏప్రిలులో వాయువు తీయడం మొదలైంది. 2010లో రోజుకు 6 కోట్ల ఘనమీటర్ల దాకా వచ్చింది. ఇక దేశానికి వాయువు కరువు తీరిందని అందరూ అనుకున్నారు. ఆ నమ్మకం మీద కరెంటు కేంద్రాలు కట్టారు. తరవాత వత్తిడి పడిపోయింది, బావుల్లోకి నీరూ ఇసకా వచ్చినై. 2013 నాటికి గోదావరి తీరానా, కొండపల్లిలోనూ ఉన్న కరెంటు కేంద్రాలు కొన్ని వాయువు లేక నిలిచిపోయినై. మొట్టమొదట తవ్విన ఆ బావులు 2020 ఫిబ్రవరిలో పూర్తిగా మూతబడ్డై. దాని పక్కనే మరికొన్ని చోట్ల 2020 డిసెంబరు నుంచి కొత్తగా తీయడం మొదలుపెట్టి, 2023 తరవాత రోజుకు 3 కోట్ల ఘనమీటర్ల దరిదాపులకు వచ్చారు. ఏమైనా ఆ నాలుగడుగుల గొట్టం మొదట అనుకున్నట్టు ఎన్నడూ నిండా పారలేదు. మన నల్లగొండ జిల్లాలోనే దామరచర్ల దగ్గర కట్టిన యాదాద్రి కరెంటు కేంద్రం చూశారా? 4,000 మెగావాట్లది. అది నడిచేది వాయువుతో కాదు, బొగ్గుతో.

తమ్ముడి ఊరు చేరేసరికి ఇంట్లో తమ్ముడు లేడు. "యూరియా లైన్ల ఉన్నడు బావా" అన్నది మరదలు. పిల్లా నేనూ అక్కడికే వెళ్ళాము.

ఎరువులు అమ్మే గోదాము ముందు మనుషుల కంటె చెప్పులు ఎక్కువ ఉన్నై. ఒకదాని వెనక ఒకటి, చెప్పుల జతలు బారుగా పేర్చి ఉన్నై. కొన్ని చోట్ల చెప్పులకు బదులు రాయి, పట్టాదారు పుస్తకం జిరాక్సు మీద గాజుముక్క. మనుషులు వేపచెట్టు కింద కూచున్నారు.

"చిన్నతాతా, చెప్పులకు యూరియా ఇస్తారా?" అని పిల్ల అడిగేసరికి అందరూ నవ్వారు. మా తమ్ముడు మాత్రం నవ్వలేదు.

"తెల్లారకముందే వచ్చిన అన్నా. నా చెప్పులు ముప్పై ఆరో నంబరు. లారీ పది గంటలకు అన్నరు, పన్నెండాయె. నారు వేసి నెల దాటింది. పిలకలు పెట్టే యాళ్ళ. ఇప్పుడు దొరకకపోతే మళ్ళ దొరికీ లాభం లేదు."

ఆ ఏడు వానలు మంచిగా పడ్డై. సాగరు ఎడమ కాలువకు నీళ్ళు వదిలారు. ఎటు చూసినా వరి. కాని విదేశాల నుంచి రావలసిన యూరియా సకాలంలో రాలేదు. దేశంలోని కొన్ని కర్మాగారాలూ కొన్నాళ్ళు ఆగినై. దాంతో తెలంగాణ అంతటా ఈ చెప్పుల బారులే. సాయంత్రానికి మా తమ్ముడికి రెండు బస్తాలు దొరికినై. ఆరెకరాలకు కావలసింది ఆరు.

ఇంతకూ యూరియాకూ దారిలో చూసిన పసుపు పలకకూ ఏమి సంబంధం? ఉన్నది. మొక్కకు నత్రజని కావాలి. మనం పీల్చే గాలిలో అయిదింట నాలుగు వంతులు నత్రజనే. కాని మొక్క దాన్ని తిన్నగా తినలేదు. నట్టింట గాదె ఉన్నా తాళంచెవి లేనట్టు! జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ అనే శాస్త్రజ్ఞుడు 1909లో ఆ తాళం తీశాడు. నత్రజనినీ ఉదజనినీ ఎక్కువ వేడిలో, ఎక్కువ వత్తిడిలో కలిపి అమ్మోనియా తీశాడు. కార్ల్ బాష్ అనే ఆయన 1913 నాటికి దాన్ని పెద్ద కర్మాగారంలో చేసి చూపాడు. ఆ అమ్మోనియాకు బొగ్గుపులుసు వాయువు కలిపితే యూరియా. నత్రజని గాలిలో ఉచితంగా దొరుకుతుంది. మరి ఉదజని? దాన్ని సహజవాయువు నుంచి తీస్తారు. సహజవాయువులో ముఖ్యమైనది మీథేన్. ఒక్కొక్క మీథేన్ అణువులో నాలుగు ఉదజని పరమాణువులున్నై. కనక యూరియా బస్తా అంటే గట్టిపడ్డ గాలి అనుకోండి, చాలావరకు తప్పు లేదు.

మన దేశంలో వాడే సహజవాయువులో అందరికంటె ఎక్కువ భాగం, నూటికి సుమారు 30 వంతులు, ఎరువుల కర్మాగారాలకే పోతుంది. మన రామగుండంలో లోగడ బొగ్గుతో నడిచిన ఎరువుల కర్మాగారం 1999లో మూతబడ్డది. దాని చోటే కట్టిన కొత్త కర్మాగారం 2021 మార్చి నుంచి సహజవాయువుతో నడుస్తున్నది. ఏడాదికి 12 లక్షల 70 వేల టన్నుల యూరియా చేయగల శక్తి దానికి ఉన్నది.

దేశంలో వాడే వాయువులో సగమే మన బావులది. మిగతా సగం విదేశాల నుంచి ఓడల్లో వస్తుంది. ఎరువుల కర్మాగారాలకు మన వాయువు ధరా విదేశీ వాయువు ధరా కలిపి సగటు కట్టి ఇచ్చే ఏర్పాటు 2015 నుంచి ఉన్నది. అంచేత ఫలానా బస్తా ఫలానా వాయువుతో చేశారని చెప్పడం కుదరదు. రెండు వాగులు ఒక చెరువులో పడ్డ తరవాత ఏ చెంబు ఏ వాగుదో ఎవరు చెప్పగలరు?

"ఓడలో గాలి ఎట్లా తెస్తారు? ఓడ తేలిపోదా?" అని పిల్ల అప్పటినుంచీ నన్ను పీడిస్తూనే ఉన్నది. దీనికి జవాబు దసరా సెలవుల్లో పాలమూరు పోతుంటే దొరికింది.

నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి, కల్వకుర్తి మీదుగా జడ్చర్ల పోయే దారి నాకు చాలా ఇష్టం. తొందర ఉన్నవాళ్ళు ఆ దారిన పోరు. డిండి వాగు దాటితే పాలమూరు సీమ మొదలు. 2016లోనూ, 2019లోనూ జిల్లాలు విడగొట్టిన తరవాత ఈ ఊళ్ళు నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, నారాయణపేట అని పంచుకుపోయినై గాని, మా నోటికి అంతా పాలమూరే. ఈ సీమ మనుషులు మట్టి పనికి దేశమంతా పోయినవాళ్ళు. ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా పాలమూరు కూలీలు ఉండేవారు. ఇప్పుడు కొందరు ఎడారి దేశాలకూ పోతున్నారు.

జడ్చర్లలో బస్సు మారబోతుంటే ఒకతను వచ్చి నా కాళ్ళకు దండం పెట్టాడు. "గుర్తుపట్టిండ్రా సార్?" అన్నాడు. పట్టలేదు. లెక్కల్లో ఎన్నడూ పాసుమార్కులు రాని నా పాత విద్యార్థి! ఖతారు దేశంలో పన్నెండేళ్ళు గొట్టాలు అతికే పని చేసి వచ్చాడట. మేము ముగ్గురమూ ఒకే బస్సులో కూచున్నాము. పిల్ల ప్రశ్న అతని ముందు పెట్టాను.

"బయట ఎండ నలభై అయిదు డిగ్రీలు ఉంటది పాపా. గొట్టం లోపల మైనస్ నూట అరవై రెండు" అన్నాడు అతను తడుముకోకుండా. "అంత చలిల గ్యాసు నీళ్ళ లెక్క అయితది. ఆరువందల బిందెల గాలి ఒక్క బిందెల పడతది. దాన్ని ఓడకు ఎక్కిస్తరు. ఓడ కడుపుల పెద్ద పెద్ద చాయ్ ఫ్లాస్కులు ఉన్నట్టు అనుకో."

లెక్కల్లో పాసు కానివాడు ఇంత చక్కగా చెబితే నాకు సంతోషంతో బాటు కొంచెం సిగ్గు కూడా కలిగింది. అతను బడిలో ఉండగా నేను అతనికి బిందెలతో లెక్కలు చెప్పి ఉంటే బాగుండేది.

ఇలా ద్రవం చేసిన వాయువును సముద్రం మీద మొట్టమొదట మోసిన ఓడ పేరు మీథేన్ పయొనీర్. అది 1959లో అమెరికాలోని లూసియానా నుంచి ఇంగ్లండు చేరింది. 1964లో ఆఫ్రికాలోని అల్జీరియా ఈ వర్తకం మొదలుపెట్టింది. 1969 నుంచి జపాను కొనసాగింది. మన దేశానికి మొదటి ఓడ 2004 జనవరిలో, గుజరాతులోని దహేజ్ రేవుకు, ఖతారు నుంచి వచ్చింది. ఆ ఓడ పేరు 'దిశ'. 2024లో ప్రపంచమంతటా ఇలా ఓడల మీద సాగిన వాయువు 40 కోట్ల టన్నులకు పైనే. అమెరికా 2016 దాకా ఈ సరుకు ఇంతగా అమ్మనే లేదు. 2023కల్లా అందరికంటె పెద్ద అమ్మకందారు అయి కూచుంది. ఆ తరవాతి వరసలో ఆస్ట్రేలియా, ఖతారు. ఖతారు ఎంత దేశం? మన పాత పాలమూరు జిల్లా కంటె కూడా చిన్నది! కాని దాని సముద్రం కింద, ఇరాన్‌తో కలిసి పంచుకున్న నిక్షేపం ప్రపంచంలోకెల్లా పెద్దది. 1971లో కనిపెట్టారు.

ఇక బస్సులోనే ఒక లెక్క చేశాము. మీరూ చేయండి. ఒక టన్ను యూరియాకు సుమారు 600 ఘనమీటర్ల సహజవాయువు కావాలి. ద్రవం చేస్తే అది ఒక్క ఘనమీటరు, అంటే 1,000 లీటర్లు. టన్నుకు 45 కిలోల బస్తాలు 22. అంటే బస్తాకు 45 లీటర్లు. మన ఇంట్లో 15 లీటర్ల బిందె ఉంటుంది చూడండి, అలాంటివి మూడు. మా తమ్ముడికి దొరకని నాలుగు బస్తాలు పన్నెండు బిందెలు! ఒక పెద్ద ఓడలో 1,70,000 ఘనమీటర్ల ద్రవం పడుతుంది. దాన్నంతా యూరియా చేస్తే ఎన్ని బస్తాలు? మా మనమరాలు టిక్కెట్టు వెనక హెచ్చవేసి 37 లక్షల 40 వేలని చెప్పింది. నా పాత విద్యార్థి వేళ్ళు మడిచి, "కరెక్టే సార్" అన్నాడు.

ఖతారు నుంచి దహేజ్‌కు మూడు నాలుగు రోజుల ప్రయాణం. కాని ఆ ఓడలు హోర్ముజ్ జలసంధి అనే సందులోంచి రావాలి. అది సన్నని చోట 40 కిలోమీటర్లకు లోపే. ఒక పక్క ఇరాన్, ఒక పక్క ఒమాన్. ప్రపంచంలో ఓడల మీద సాగే ద్రవవాయువులో 2024లో సుమారు అయిదోవంతు ఆ ఒక్క సందులోంచే వచ్చింది. అక్కడ కలత పుట్టినప్పుడల్లా మిర్యాలగూడ వరికి కూడా దిగులే.

వర్తకం సంగతి పిల్లలకు కష్టమనుకుంటారు గాని కాదు. పాలవాడికే ఇది. మా ఇంట్లో నెలకింతని పాలవాడి దగ్గర వాడిక ఉన్నది. వాన వచ్చినా ఎండ వచ్చినా లీటరు పాలు పోస్తాడు. ఏ పెళ్ళికో మనం ఊరికి పోయినా ఆ డబ్బు ఇవ్వవలసిందే. ఎందుకంటే మనల్ని నమ్మి బర్రెను కొన్నాడు! వాడిక లేనివాళ్ళు రోజూ అంగడికి పోయి తెచ్చుకుంటారు. ఒకనాడు చవక, పండగనాడు దొరకవు.

వాయువుకూ అంతే. 1999లో మనవాళ్ళు ఖతారుతో 25 ఏళ్ళ వాడిక పెట్టుకున్నారు. అది స్థిరపడ్డాక ఏడాదికి 75 లక్షల టన్నులు. బర్రె లాంటిది కాదు కదా. వాయువును చల్లార్చే కర్మాగారాలకు వేల కోట్లు కావాలి. ఇరవై ఏళ్ళు కొనేవాడు ఉంటే తప్ప అప్పు పుట్టదు. అంచేత ఈ దీర్ఘకాలపు ఒడంబడికలు. 2015లో అంగట్లో ధర బాగా పడిపోయింది. మనవాళ్ళు వాడిక పాలు తగ్గించి అంగడి పాలు తెచ్చుకున్నారు. ఒడంబడిక ప్రకారం అందుకు పెద్ద జరిమానా కట్టాలి. ఆ డిసెంబరులో మాట్లాడుకుని, ధర సుమారు సగానికి తగ్గించేటట్టూ, జరిమానా మాఫీ అయ్యేటట్టూ ఒప్పించారు. 2020లో కరోనా రోజుల్లో అంగట్లో ఒక కొలత వాయువు 2 డాలర్ల లోపు కూడా అమ్మింది. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి పోయింది. యూరపుకు గొట్టాల్లో వచ్చే రష్యా వాయువు తగ్గిపోయింది. యూరపు వాళ్ళు దొరికిన ఓడనల్లా కొన్నారు. అదే కొలత 50 డాలర్లు దాటింది. పాకిస్తాన్ కొందామని టముకు వేసినా అమ్మేవాడు రాక, బంగ్లాదేశ్ ఆ ధర పెట్టలేక చీకట్లో కూచున్నై. వాడిక ఉన్నంతమాత్రాన నిశ్చింత అనుకోకండి. రష్యా సంస్థకు చెందిన ఒక శాఖతో మనకు 20 ఏళ్ళ ఒడంబడిక ఉండి కూడా, ఆ 2022లోనే కొన్నాళ్ళు ఓడలు రాలేదు. పాలవాడి బర్రెను పొరుగువాడు తోలుకుపోతే వాడిక ఏమి చేస్తుంది?

2024 ఫిబ్రవరిలో ఖతారుతో కొత్త ఒడంబడిక జరిగింది. అదే 75 లక్షల టన్నులు, 2028 నుంచి 2048 దాకా. ఆ నెలలోనే ఖతారు తన శక్తిని ఏడాదికి 7 కోట్ల 70 లక్షల టన్నుల నుంచి 2030కల్లా 14 కోట్ల 20 లక్షలకు పెంచుతానని చెప్పింది. అమెరికా కూడా కొత్త కర్మాగారాలు కడుతున్నది. అన్నీ అనుకున్నట్టు జరిగితే అంగడి నిండా పాలే. కాని కొనేవాళ్ళు 2048 దాకా ఉంటారా? అమ్మే దేశాల సంఘం ఉంటారంటుంది. వాతావరణం వేడెక్కకుండా కాపాడాలంటే వాడకం బాగా తగ్గించక తప్పదని మరికొందరు నిపుణులంటారు. మీథేన్ కాలకుండా గాలిలో కలిస్తే, ఇరవై ఏళ్ళ లెక్కన, బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 80 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. మన దేశం 2070కల్లా ఇలాంటి వాయువుల లెక్క సున్నాకు తెస్తామని 2021లో గ్లాస్గో సభలో మాట ఇచ్చింది. అదే సమయంలో దేశపు ఇంధనంలో సహజవాయువు వాటాను, నూటికి 6, 7 వంతులు ఉన్నదాన్ని, 2030కల్లా 15 చేయాలన్న లక్ష్యమూ పెట్టుకున్నది. రెండు మాటలకూ పొత్తు కుదరాలంటే మధ్య కాలం చాలా జాగ్రత్తగా నడవాలి.

పాలమూరు పట్టణానికి పక్కనే దివిటిపల్లి అని ఊరున్నది. అక్కడ విద్యుత్తును దాచే బ్యాటరీల కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన చేశారు. పిల్లలమర్రి చూసిన తరవాత మా మనమరాలిని అటు తీసుకుపోయాను. గుట్టల మధ్య పొడుగాటి షెడ్లు, కొత్త రోడ్డు. పాలమూరు ఎండ లోగడ మనుషుల్ని ఊళ్ళ నుంచి వెళ్ళగొట్టింది. ఇప్పుడదే ఎండ పలకల మీద పడి కరెంటు అవుతున్నది. పగటి కరెంటును బ్యాటరీలో దాచితే రాత్రికి వాయువు కాల్చి కరెంటు తీసే పని తగ్గుతుంది. బండ్లకూ అంతే.

"ఈ బ్యాటరీలో యూరియా వస్తుందా తాతా?" అన్నది పిల్ల.

రాదు. నా అభిప్రాయంలో ఈ మొత్తం వ్యవహారంలో గట్టి ముడి అదే. వంటకూ, బండికీ, దీపానికీ వేరే దారులున్నై. యూరియాకు ఉదజని కావాలి. నీటిని కరెంటుతో విడగొట్టి ఉదజని తీయవచ్చు; కాకినాడలో అలా అమ్మోనియా చేసే పెద్ద కర్మాగారం కట్టాలని 2024లో నిర్ణయించారు కూడా. కాని అలా చేసింది ఇప్పటికి ఖరీదు. రైతుకు బస్తా 266 రూపాయల 50 పైసలకే దొరుకుతున్నది. మిగతా ఖర్చు ప్రభుత్వం భరిస్తున్నది. అంచేత నగరాలు వాయువును మానినా, ఓడ కోసం చివరిదాకా ఎదురు చూసేవాడు మా తమ్ముడే అవుతాడు. మావాడు జీలుగ చల్లి దున్నడం ఎప్పుడో మానేశాడు. పశువులు పోయినై, పెంట పోయింది. 1980లలో నేను పనిచేసిన ఒక పల్లెలో పటేలు ఇంట్లో పేడ గ్యాసు గుంత ఉండేది. నీలి మంట మీద వాళ్ళ అవ్వ మాకు చాయ్ కాచి ఇచ్చేది. ఆ గుంతలో పుట్టిందీ మీథేనే, ఖతారు ఓడలో ఉన్నదీ మీథేనే! పశువులు అమ్ముకున్నాక ఆ గుంత పూడ్చి పైన ట్రాక్టరు పెట్టారు. ఇంకో చిత్రం చెప్పనా? నీళ్ళు నిలిచిన వరిమడిలోంచి కూడా మీథేనే లేస్తుంది. మడిని మధ్య మధ్య ఆరబెట్టి నీరు కడితే అది తగ్గుతుంది, నీళ్ళూ మిగులుతై. మా తమ్ముడితో ఈ మాట చెబితే, "కాలువ నీళ్ళు వచ్చినప్పుడే కట్టాలె గదన్నా, మనం అన్నప్పుడు వస్తయా?" అన్నాడు. అతని మాటా నిజమే.

తిరిగి వచ్చే బస్సులో పిల్ల తన నోటుబుక్కులో ఏవో సంవత్సరాలు రాసుకున్నది. 2028లో తనకు 13, 2048లో 33, 2070లో 55. "నీకెంత తాతా?" అని అడిగింది. 2048 వరకూ చెప్పి ఊరుకున్నాను.

దీపావళి తరవాత తమ్ముడు ఫోను చేశాడు. యూరియా పడ్డ రెండెకరాలు మంచిగా ఈనినై, గింజ బరువుగా ఉన్నది. నాలుగెకరాలు పలచగా, పచ్చ దిగి ఉన్నై. కోత మిషను మాట్లాడాడట. రెండు రకాల వడ్లూ కలపకుండా వేరే వేరే కుప్పలు పోస్తానన్నాడు.